నిదానంగా సాగే పనులకు కెర్నల్‌లో సొంత థ్రెడ్ల పూల్ రాసుకోవాలా?

మీ డ్రైవర్‌లో ఒక్కో పనికి రెండు మూడు సెకన్లు పడుతోందని, లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) పనులను వరుసలో పెట్టి తన థ్రెడ్లతో చేయించే వర్క్‌క్యూలో వేస్తే మిగతావారి పనులు ఆగిపోతాయేమోనని, అందుకే పది పన్నెండు కెర్నల్ థ్రెడ్లతో (పనులు అందుకుని చేసే పనివాళ్లలాంటివి) సొంత పూల్ రాసుకోవాలా అని అడిగారు. వద్దండి. నేను ఒకసారి రాశాను, దాని ఫలితమూ చూశాను.

కొన్నేళ్ల క్రితం మాదాపూర్‌లో డిస్కు డ్రైవర్ల మీద పనిచేసేవాడిని. డిస్కులో లోపం కనబడితే దాన్ని పరీక్షించే పనిని మా పూల్‌లో వేసేవాళ్లం. ఆ పరీక్ష డిస్కు లాగులు (జరిగినవాటి నమోదులు) చదివే చిన్న పనులను మళ్లీ అదే పూల్‌లో వేసి, అవి పూర్తయ్యేదాకా ఎదురుచూసేది. పూల్‌లో ఉన్నవి 8 థ్రెడ్లు. నాలుగు డిస్కులతో నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఒక వానాకాలం సాయంత్రం ల్యాబ్‌లో ఎనిమిది డిస్కుల పెట్టె కేబుల్ ఊడదీసి చూశాం. ఎనిమిది పరీక్షలు ఎనిమిది థ్రెడ్లనూ ఆక్రమించాయి. అవి ఎదురుచూస్తున్న చిన్న పనులేమో క్యూలోనే ఉన్నాయి, వాటిని అందుకోవడానికి ఒక్క థ్రెడ్డూ మిగల్లేదు. ప్రాసెసర్లన్నీ ఖాళీగా ఉన్నాయి, డిస్కుల పని మాత్రం ఒక్క అడుగు కదలలేదు. 120 సెకన్లు దాటాక థ్రెడ్లు ఆగిపోయాయన్న హెచ్చరికలు కెర్నల్ లాగులో వరుసకట్టాయి.

నేను 8ని 16 చేసి, సమస్య తీరిందనుకున్నాను. 24 డిస్కులున్న ఒక వినియోగదారు దగ్గర అదే మళ్లీ ఎదురైంది. రాయదుర్గం నుంచి చివరి మెట్రో వెళ్లిపోయాక కూడా కూర్చుని, వాళ్లు పంపిన థ్రెడ్ల స్టాకులను (ఏ థ్రెడ్ ఏ ఫంక్షన్‌లో ఆగిందో చూపే జాబితాలను) పక్కపక్కన పెట్టి చదివాను. పదహారూ ఒకే ఫంక్షన్‌లో, ఒకే వరుస దగ్గర నిలబడి ఉన్నాయి. థ్రెడ్లు ఎన్నైనా, అన్ని పరీక్షలు ఒకేసారి వచ్చిన రోజున ఇదే జరుగుతుందని అప్పుడు అర్థమైంది.

ఈ చిక్కు నాకంటే ముందే కెర్నల్ వాళ్లు చూశారు. 2009లో 2.6.30 కెర్నల్‌లో డేవిడ్ హోవెల్స్ తెచ్చిన స్లో వర్క్ అనే ఏర్పాటు సరిగ్గా నిదానపు పనుల కోసమే పుట్టింది. అందులో మరీ నిదానమైన పనులు థ్రెడ్లన్నిటినీ ఆక్రమించకుండా వాటికి ఒక వాటా మాత్రమే, మామూలుగా 50 శాతం, ఇచ్చేవారు. మా పూల్‌లో లేనిది ఆ జాగ్రత్తే. 2010లో 2.6.36తో తేజున్ హియో వర్క్‌క్యూను కొత్తగా కట్టాక స్లో వర్క్ అవసరం తీరిపోయింది, దాన్ని తీసేశారు.

మీ భయానికి జవాబు ఆ కొత్త కట్టుబడిలోనే ఉంది. ఒక వర్కర్ థ్రెడ్ (క్యూలోని పనులు చేసే థ్రెడ్) నిద్రలోకి జారగానే, ఏ థ్రెడ్ ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ ఆ సంగతి వర్కర్ పూల్‌కు చెబుతుంది. ఆ ప్రాసెసర్ మీద నడుస్తున్న వర్కర్ ఇంకెవరూ లేకపోతే, పని మిగిలి ఉంటే, మరొకరిని లేపుతారు. ఇరానీ హోటల్లో టీ మరుగుతున్నంతసేపూ అక్కడి మనిషి పొయ్యి దగ్గరే నిలబడడు కదా, అలాగన్నమాట. పని లేని వర్కర్లలో అదనంగా ఉన్నవాళ్లను 5 నిమిషాల తర్వాత తీసేస్తారు. కాబట్టి మీ రెండు మూడు సెకన్లు పరికరం జవాబు కోసం నిద్రలో గడిచేవైతే ఎవరినీ అడ్డుకోవు. లెక్కలు వేస్తూ ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చునేవైతే మాత్రం వెనకవాళ్లు ఆగుతారు. అలాంటి పనులను, ఏదో ఒక ప్రాసెసర్‌కే కట్టేయకుండా ఉంచే డబ్ల్యూక్యూ_అన్‌బౌండ్ జెండాతో (ఫ్లాగ్‌తో) తెరిచిన క్యూలో వేయండి.

అయితే వర్క్‌క్యూకు మారినంత మాత్రాన నా డెడ్‌లాక్ (పనులు ఒకదానికోసం ఒకటి ఆగి ఏదీ కదలకపోవడం) పోయేది కాదు. ఒక క్యూలో ఒకేసారి నడిచే పనులకు పరిమితి ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే అది చాలాకాలం 256గా ఉండేది. తల్లిపని తాను వేసిన పిల్లపని కోసం అదే క్యూలో ఎదురుచూస్తే ప్రమాదం పోదు, కాస్త దూరం జరుగుతుంది, అంతే. మేము చివరికి ఎదురుచూపునే తీసేశాం. ఒక్కో చిన్న పనీ పూర్తవగానే మిగిలిన పనుల లెక్కను ఒకటి తగ్గిస్తుంది, ఆఖరిది ముగింపు పనిని క్యూలో వేస్తుంది. దాంతో మొదటి పరీక్ష తన థ్రెడ్‌ను వెంటనే వదిలేస్తుంది.

మీది కూడా డిస్కులో రాతలు సాగే దారిలో ఉండే డ్రైవరైతే ఇంకో మాట, ఇది చాలామంది వదిలేస్తారు. మెమరీ నిండినప్పుడు కెర్నల్ పేజీలను డిస్కుకు రాసి ఖాళీ చేయాలి. ఆ రాతకు మీ వర్కర్ కావాలి, కొత్త వర్కర్‌ను పుట్టించడానికి మెమరీ కావాలి. అందుకే డబ్ల్యూక్యూ_మెమ్_రీక్లెయిమ్ జెండా పెడితే ఆ క్యూ కోసం ఒక రెస్క్యూ థ్రెడ్‌ను ముందే తయారుచేసి ఉంచుతారు. అది ఒక్కటే థ్రెడ్. అక్కడ ఒక పని మరో పని కోసం ఆగిందంటే ఆదుకోవడానికి ఇంకెవరూ ఉండరు.

మిగతావాటికంటే ముందు నడిచేలా ప్రత్యేకమైన రియల్‌టైమ్ ప్రాధాన్యం కావాల్సి వస్తే, పనులకు సొంతంగా ఒక థ్రెడ్ ఇచ్చే కెథ్రెడ్_వర్కర్ కెర్నల్‌లోనే ఉంది, అప్పుడు కూడా సొంత పూల్ అక్కర్లేదు.

కోడు మొదలుపెట్టే ముందు మీ పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఏది దేనికోసం ఆగుతుందో బాణాలు గీయండి. ఒకే క్యూలోని రెండు పనుల మధ్య బాణం కనబడితే ఆ రెండింటి పేర్లూ ఇక్కడ రాయండి, విడదీసే దారి కలిసి చూద్దాం.