బొలేరో ఛాసిస్ మీద ఫైబర్ హాట్ రాడ్: ఒక్క బండికి అచ్చు తీయాలా?

ప్రశ్న: బొబ్బిలిలో ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. పాత బొలేరో ఛాసిస్ ఒకటి చేతికొచ్చింది. దాని మీద 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ (పైకప్పు లేని కారు) లాంటి ఫైబర్ బాడీ సొంతంగా చేసుకుని హాట్ రాడ్, అంటే పాతకాలం కారు రూపంలో మార్చి కట్టిన బండి, తయారు చెయ్యాలనుంది. ముందు అచ్చు తీయాలా? సామాను ఎంత పడుతుంది?

జవాబు: ఒక్క బండికైతే అచ్చు వద్దండి. అచ్చు కావాలంటే ముందు నమూనా చెయ్యాలి, దాన్ని నున్నగా పాలిష్ పట్టాలి, దాని మీద బాడీకి రెండింతల మందంలో అచ్చు వెయ్యాలి. బాడీ మొదలవ్వకముందే రెజిన్ (గాజునారని పట్టి ఉంచి గట్టిపడే జిగురు) సగానికి పైగా ఖర్చైపోతుంది. పోనీ మడ్‌గార్డులకైనా పనికొస్తుందా అంటే అదీ లేదు, కుడిదాని అచ్చులోంచి ఎడమది రాదు. ఫోమ్ నమూనా మీదే నేరుగా మ్యాట్ (గాజునార చాప) పరిచి రెజిన్ పట్టించి, గట్టిపడ్డాక లోపలి ఫోమ్ తవ్వి పారేయండి. పైన పుట్టీ పని బాగా పడుతుంది, దానికి సిద్ధపడే దిగండి.

ఛాసిస్ మాత్రం భలే కుదిరింది. 1932 ఫోర్డ్ వీల్‌బేస్ (ముందు చక్రాల ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా దూరం) 106 అంగుళాలు, అంటే 2692 మిల్లీమీటర్లు. మామూలు బొలేరోది 2680. కోసి అతకాల్సిన పని లేదు. బొలేరో క్యాంపర్ (పికప్ రకం) ఛాసిస్ అయితే ఇంకా పొడుగు, టేపు పెట్టి చూసుకోండి. ఇదే పని అంబాసిడర్ మీద చేద్దామనుకునేవాళ్ళు ఆగాలి. దానికి విడి ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. పైభాగం కోస్తే బండి మధ్యలో కుంగిపోతుంది.

కాగితాల సంగతి ముందే తేల్చుకోండి. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పేసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా అదే. అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. సొంత తోటలో, ప్రదర్శనలో తిప్పుకోడానికైతే చేసుకోండి. విజయనగరం రోడ్డు మీద తిప్పాలన్న లెక్కతో డబ్బు పెట్టొద్దు.

నమూనాకి 6 మి.మీ. ప్లైవుడ్ అడ్డుపలకలు 300 మి.మీ.కి ఒకటి నిలబెట్టి, మధ్య ఖాళీల్లో పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ దిమ్మలు ఇరికించండి. థర్మోకోల్ చౌకే, కానీ పాలిస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ తగలగానే కరిగి గుంటలు పడుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రూపు దిద్దితే లోపలి తడి పూర్తిగా ఆరదు, దాని మీద రెజిన్ జిగటగా మిగిలిపోతుంది. ఫోమ్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోసి, 40 నంబరు గరుకు కాగితంతో రుద్ది, బ్రౌన్ ప్యాకింగ్ టేపు మడతలు లేకుండా అంటించి, పైన మైనం పాలిష్ పట్టించండి. మ్యాట్ మందం 3.5 మి.మీ. దాకా వస్తుంది కాబట్టి నమూనాని అంత తక్కువ కొలతకే చెయ్యాలి.

సామాను లెక్క ఇలా వేసుకోండి. వరసగా 300, 450, 450, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) చాప్డ్ మ్యాట్, అంటే చదరపు మీటరుకి కిలోన్నర గ్లాసు. మ్యాట్ తన బరువుకి రెండున్నర రెట్లు రెజిన్ తాగుతుంది కాబట్టి చదరపు మీటరుకి 3.75 కిలోలు. మడ్‌గార్డులు కాకుండా బాడీ 8 చదరపు మీటర్లు అనుకుంటే మ్యాట్ 12 కిలోలు, రెజిన్ 30 కిలోలు, వృథాతో కలిపి 35.

పూసపాటిరేగ, భోగాపురం తీరంలో ఫైబర్ తెప్పలు చేసేవాళ్ళని పిలిస్తే రోలర్ పని బ్రహ్మాండంగా చేస్తారు. గాలి బుడగ మిగలనివ్వరు. అయితే వాళ్ళ చెయ్యి రోవింగ్ (లావు గాజు దారాలతో నేసిన గుడ్డ) మీదకి పోతుంది. తెప్పకి అది బలం. కారు బాడీలో పైపొర కింద రోవింగ్ పడితే, ఎంత పుట్టీ రాసినా ఎండలు ముదిరాక దాని నేత పెయింట్ మీద గళ్ళు గళ్ళుగా తేలుతుంది. ముందే చెప్పి ఆపండి.

కలపడం దగ్గరే ప్రమాదం. యాక్సిలరేటర్ (గట్టిపడడాన్ని వేగిరపరిచేది) కోబాల్ట్, హార్డెనర్ (గట్టిపరిచేది) ఎంఈకేపీ నేరుగా ఒకదానిలో ఒకటి పడకూడదు, పేలతాయి. డబ్బా మీద రాసిన మోతాదులో కోబాల్ట్‌ని ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపేయండి. షాపులోనే కలిపి ఇచ్చారేమో అడిగి తెలుసుకోండి. ఎంఈకేపీ మాత్రం వాడే మగ్గులోనే, కిలో రెజిన్‌కి 10 మిల్లీలీటర్లు. చలికాలం పొద్దున్న 15 దాకా పొయ్యొచ్చు. ఎండ మండుతోందని 10 కంటే తగ్గించకండి, అలా చేస్తే ఎన్ని రోజులైనా పూర్తిగా గట్టిపడదు. ఎండాకాలం వేళ మార్చుకోవాలి గానీ మోతాదు కాదు. కిలోకి మించి ఒకేసారి కలపొద్దు. మిగిలింది మగ్గులో వదిలేస్తే వేడెక్కి పొగలు కక్కుతుంది, ఇసుక మీద పల్చగా పోసెయ్యండి. కళ్ళని పూర్తిగా కప్పే రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. పడితే వెంటనే పదిహేను నిమిషాలు నీళ్ళతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

మన వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. మంచు విడిచాక మొదలెట్టి, సాయంత్రం చెమ్మ దిగకముందే గట్టిపడేలా ముగించండి. మ్యాట్ చెమ్మ పీలిస్తే రెజిన్ పాలలా తెల్లబడి, పొర బలహీనమవుతుంది. వాడేముందు గంటసేపు ఎండబెట్టండి. ఒక్క పూటకి రెండు పొరలు చాలు. పైభాగం జిగట లేకుండా ఆరడానికి వేసే మైనం ద్రావణం చివరి పూతలోనే కలపాలి. మధ్య పొరల్లో పడితే పై పొర అంటుకోక రేకులా లేచొస్తుంది.

గట్టిపడ్డ బాడీని ఫోమ్ తవ్వడానికి తిరగేసే ముందు, పైన చెక్క బద్దలు పుట్టీ చుక్కలతో అతికించండి, లేకపోతే గోడలు బయటికి విచ్చుకుంటాయి. లోపల 25×25 మి.మీ. చదరపు పైపు ఫ్రేము పెట్టేటప్పుడు ఇనుముకీ ఫైబర్‌కీ మధ్య ఫోమ్ టేపు వేసి, మీద మ్యాట్ పట్టీలు కట్టండి. నేరుగా అతికిస్తే పైపు గీత బయటికి కనిపిస్తుంది. తలుపులు కొయ్యడం ఈ ఫ్రేము అయ్యాకే. బోల్టు పడే ప్రతిచోటా లోపల ప్లైవుడ్ ముక్క, వెడల్పు వాషరు, ఛాసిస్‌కి మధ్య రబ్బరు.

ప్రైమర్ కొట్టాక రెండు మూడు వారాలు ఎండలో వదిలెయ్యండి. కుంగాల్సింది అప్పుడే కుంగుతుంది, పాలిస్టర్ పుట్టీతో సరిచేసి అప్పుడు పెయింట్. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ మందంగా రాస్తే పగులుతుంది. నలుపు మీద మోజున్నా లేత రంగే వేయండి, నల్ల బాడీ ఎండకి విపరీతంగా వేడెక్కి వంకర్లు తిరుగుతుంది. సైలెన్సర్ పైపుకీ బాడీకీ కనీసం 75 మి.మీ. ఖాళీ, మధ్యలో రేకు.

లైట్లు వెలక్కపోతే బల్బు మార్చే ముందు ఎర్త్ చూడండి. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకీ, హారన్‌కీ, పెట్రోలు మూత దగ్గరి ఇనప గొట్టానికీ ఛాసిస్ దాకా విడిగా ఎర్త్ తీగ లాగాలి.