మేనేజరు ‘సరే’ అంటే గుండె జారిపోతోంది!

ప్రశ్న: ఆరేళ్లు ఒకే ఆఫీసులో పనిచేసి, రెండు నెలల క్రితం కొత్త సంస్థలో చేరాను. పూర్తిగా ఇంటి నుంచే పని. టీమ్‌లో ఎవరినీ నేరుగా చూడలేదు. సందేహం వస్తే మెసేజ్ టైప్ చేసి, ‘ఇది కూడా తెలియదా అనుకుంటారేమో’నని చెరిపేస్తున్నాను. పని పంపితే మేనేజరు ‘సరే’ అని ఊరుకుంటారు. ఖాళీగా ఉన్నాననుకుంటారని రాత్రి పది దాకా లాగిన్‌లోనే ఉంటున్నాను. ఇంట్లోవాళ్లేమో ‘ఇంట్లోనే ఉన్నావు కదా’ అంటూ పనులు చెబుతారు. పాత ఉద్యోగానికే వెళ్లిపోనా?
- ఒక సోదరి

జవాబు: మేనేజరు మిమ్మల్ని తప్పుపట్టిన సందర్భం మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ‘అనుకుంటారేమో’లే. పాత ఆఫీసులో పక్క సీటువాళ్లు తడబడటం, మళ్లీ సర్దుకోవడం మీ కళ్లముందే జరిగేది. ఇప్పుడు వాళ్లు పూర్తిచేసిన పని మాత్రమే మీ దాకా వస్తోంది. తడబాటు మీదొక్కరిదే అన్నట్టు తోస్తోంది.

అలాగని అంతా మీ ఊహే అనను. మైక్రోసాఫ్ట్ అమెరికా ఉద్యోగులు 61 వేల మందికి పైగా 2020 తొలి ఆరు నెలల్లో ఒకరితో ఒకరు ఎలా సంప్రదించుకున్నారో గమనించిన అధ్యయనం 2021లో వెలువడింది. ఇళ్ల నుంచి పని మొదలయ్యాక నేరుగా మాట్లాడుకోవడం తగ్గి, మెయిళ్లూ మెసేజ్‌లూ పెరిగాయి. ఎవరి బృందంలో వారు ఉండిపోయారు. పాతవాళ్ల సంగతే అలా ఉంటే, కొత్తగా వచ్చిన మిమ్మల్ని వాళ్లంతట వాళ్లే పలకరిస్తారని ఎదురుచూడటం వృథా. న్యాయమా అంటే కాదు. అయినా చొరవ మీరే చూపాలి.

ముందు మేనేజరును అరగంట వీడియో కాల్ అడగండి. ‘నేనెలా చేస్తున్నాను?’ అంటే ‘బాగానే’ అన్న మరో పొడి మాట వస్తుంది. ‘మూడో నెలాఖరుకు ఏ పనులు నేను సొంతంగా చేయాలి? గత వారం పంపినదాంట్లో మీరైతే ఏం మార్చేవారు? మీరు సరే అంటే చూశారని అర్థమా, పని ముగిసిందనా?’ అని అడగండి. చివరిది చిన్నపిల్లల ప్రశ్నలా ఉందా? మీ నిద్ర చెడగొడుతున్నది అదే కదా, అడిగేయండి. కొన్నాళ్లపాటు వారానికోసారి ఇలా మాట్లాడే వీలుంటుందేమో కూడా కనుక్కోండి.

సందేహం వస్తే అరగంట మీరే ప్రయత్నించి చూడండి. తేలకపోతే ఏం చేశారో, ఎక్కడ ఆగారో రాసి టీమ్ గ్రూపులో పెట్టండి. ఒక్కరికే పంపితే వాళ్ల తీరిక కోసం కాచుకోవాలి. గ్రూపులో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు చెబుతారు. కాస్త కలుపుగోలుగా అనిపించినవారిని, స్క్రీన్ పంచుకుంటూ పనిచేసి చూపించమనీ అడగవచ్చు. కాదనేవాళ్లు తక్కువే.

రాత్రి పది దాకా కూర్చోవడం మాత్రం మానేయాలి. మొదట్లో చూపిన వేళలే మీ మామూలు వేళలని అందరూ స్థిరపరచుకుంటారు, తర్వాత తగ్గించుకోవడం కష్టం. పని ముగిసే వేళకు ‘ఇవాళ పూర్తయినవి, ఆగినవి, రేపటివి’ అని మూడు ముక్కలు మేనేజరుకు రాసి లాగౌట్ అవండి.

ఇంట్లోవాళ్లకు మీ పని వేళలతో పాటు ఎప్పుడు ఖాళీయో కూడా చెప్పండి. ‘ఇప్పుడు కాదు, సాయంత్రం చేస్తాను’ అంటే తగాదా రాదు.

పాత ఉద్యోగం సంగతి మరో నెల పక్కన పెట్టండి. ఇన్ని చేశాక కూడా మేనేజరు దాటవేస్తూ, టీమ్ జవాబివ్వకపోతే లోపం ఆ సంస్థది. అప్పుడు నిరభ్యంతరంగా వేరేచోట ప్రయత్నించండి, ఈ ఉద్యోగం చేతిలో ఉండగానే. ఈలోగా నిద్రలేమి, గుండెదడ ఎక్కువైతే మాత్రం నెలదాకా ఆగకుండా మానసిక నిపుణులను కలవండి.