సెండ్‌లో ఎర్రర్ లేదు, సర్వర్‌కు మెసేజ్ రాదు

ప్రశ్న: నోడ్.జేఎస్‌లోని డీగ్రామ్ మాడ్యూల్‌తో యూడీపీ సర్వర్ రాశాను. ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది. క్లౌడ్‌లో పెట్టాక ఒక్క మెసేజ్ కూడా రావడం లేదు. సెండ్ కాల్‌బ్యాక్‌లో (పంపడం ముగిశాక నడిచే ఫంక్షన్‌లో) ఎర్రర్ కూడా కనిపించదు. లోపం ఎక్కడుంది?

జవాబు: కాల్‌బ్యాక్‌లో ఎర్రర్ లేదంటే ప్యాకెట్ మీ మెషీన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి అందిందని మాత్రమే అర్థం. యూడీపీలో కనెక్షన్ ఉండదు, రసీదు రాదు. దారిలో ఎక్కడ పోయినా మీకు కబురుండదు. అందుకే సర్వర్ వైపు నుంచి వెతుక్కుంటూ రండి.

ముందు బైండ్, అంటే సర్వర్ ఏ అడ్రస్, ఏ పోర్టు మీద వింటోందో చూడండి. 127.0.0.1కు, అంటే ఆ మెషీన్‌లోపలికే పరిమితమైన అడ్రస్‌కు, బైండ్ చేసి ఉంటే బయటి ప్యాకెట్లేవీ అందవు. ల్యాప్‌టాప్‌లో నడిచి అక్కడ నడవకపోవడానికి ఇదొక్కటి చాలు. అడ్రస్ తీసేసి పోర్టు మాత్రం ఇవ్వండి. తర్వాత ఫైర్‌వాల్. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: పోర్టు తెరిచామనుకుంటారు, తీరా చూస్తే ఆ రూల్ టీసీపీది (కనెక్షన్, రసీదు ఉండే మరో ప్రోటోకాల్). యూడీపీకి విడిగా రూల్ రాయాలి, అదీ క్లౌడ్ ప్యానెల్‌లోనూ సర్వర్ ఫైర్‌వాల్‌లోనూ. తేల్చుకోవడానికి సర్వర్‌లో టీసీపీడంప్ నడపండి. వచ్చే ప్యాకెట్లను, యూడీపీవి కూడా, అది చూపిస్తుంది. అందులో ప్యాకెట్ కనబడకపోతే అది సర్వర్ దాకా రానేలేదు. కనబడినా ‘మెసేజ్’ ఈవెంట్ రాకపోతే సర్వర్‌లోని ఫైర్‌వాల్‌నో బైండ్‌నో అనుమానించండి.

క్లయింట్‌లో సెండ్ తర్వాతి లైన్‌లోనే ప్రాసెస్ ఎగ్జిట్ పెట్టకండి. డీఎన్ఎస్ వెతుకులాట (సర్వర్ పేరుకు ఐపీ అడ్రస్ కనుక్కోవడం) పూర్తికాకముందే ప్రోగ్రామ్ ముగిస్తే ప్యాకెట్ అసలు బయలుదేరదు. సాకెట్‌ను కాల్‌బ్యాక్ లోపలే మూయండి.

ప్రశ్న: చిన్న మెసేజ్‌లు చేరుతున్నాయి, 20 కేబీ జేసన్ మాత్రం తరచూ పోతోంది. ఎందుకు?

జవాబు: ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్‌కు 1500 బైట్లు. ఐపీవీ4 హెడర్‌కు 20, యూడీపీ హెడర్‌కు 8 పోతే మీకు మిగిలేవి 1472. మీ జేసన్ 14 ముక్కలవుతుంది, అందులో ఏ ఒక్కటి తప్పిపోయినా మొత్తం మెసేజ్ పోయినట్టే. ఒక డేటాగ్రామ్‌లో (యూడీపీ ఒక్కసారిగా పంపే మెసేజ్‌లో) 65,507 బైట్లు పడతాయన్న మాట నిజమే గానీ, ఇంటర్నెట్ మీద దాన్ని నమ్ముకోవద్దు. 1200 బైట్ల లోపు మీరే ముక్కలు చేసి, ప్రతిదానికీ మెసేజ్ నంబరు, ముక్క నంబరు, మొత్తం ఎన్ని అన్నది చేర్చండి. రానివాటిని సర్వర్ మళ్లీ అడిగేలా రాయాల్సి వస్తే మాత్రం టీసీపీకి మారడమే మేలు.

చిన్నవి కూడా ఒక్కసారిగా వేలల్లో వచ్చినప్పుడు పోతుంటే రిసీవ్ బఫర్ (వచ్చిన ప్యాకెట్లు ప్రోగ్రామ్ చదివేదాకా ఆగే చోటు) నిండుతోందేమో చూడండి. లైనక్స్‌లో ‘నెట్‌స్టాట్ -ఎస్‌యూ’ అలా పోయినవాటి లెక్క చూపిస్తుంది. బఫర్‌ను కోడ్‌లో పెంచితే సరిపోదు. కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో) ఈ బఫర్‌కు హద్దు పెట్టే ‘ఆర్‌మెమ్ మ్యాక్స్’ కూడా పెంచాలి, లేకపోతే మీరు ఎంత అడిగినా ఆ హద్దు దగ్గరే ఆగుతుంది.