కంటైనర్లలో ఏపీఐ రికార్డింగు: అప్లికేషన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ జావా సర్వీసు ఒక పేమెంట్ గేట్‌వేనూ, ఒక ఎస్సెమ్మెస్ సేవనూ పిలుస్తుంది, వాటి జవాబులను వైర్‌మాక్‌తో (బయటి ఏపీఐల జవాబులను రికార్డు చేసుకుని, తరువాత వాటి బదులు తానే జవాబిచ్చే సాధనం) రికార్డు చేసి, డాకర్ కంపోజ్‌లో (పలు కంటైనర్లను, అంటే ఒక్కొక్క ప్రోగ్రాము విడిగా నడిచే పెట్టెలను, ఒకే ఫైలుతో కలిపి నడిపే సాధనం) టెస్టులు నడుపుతున్నారు, లాప్‌టాప్‌లో అన్నీ పాసవుతున్నాయి, సీఐలో (టెస్టులను తనంతట తానే నడిపే సర్వరులో) మాత్రం ఒకరోజు పాసై మరొక రోజు ఫెయిలవుతున్నాయి. ఈ రికార్డింగులను నమ్మవచ్చునా, లేక కీప్లాయ్ వంటి వేరే సాధనానికి మారాలా అన్నది మీ సందేహం.

సాధనం మార్చనవసరం లేదని నా అభిప్రాయం. హైదరాబాదులో ఒక చిన్న బృందంతో కలిసి దాదాపు ఇదే అమరికను మూడేళ్ళుగా నడుపుతున్నాను. మొదటి ఏడాది మేము పడ్డ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వైర్‌మాక్ వల్ల వచ్చినవి కావు. మా అప్లికేషన్ కంటైనరుకు ఇంటర్నెట్ అందుబాటులో ఉండడం వల్ల వచ్చినవి. టెస్టులు నడిపేటప్పుడు ఇంటర్నెట్ ఆపాలని అందరూ చెబుతారు. రికార్డు చేసేటప్పుడు కూడా ఆపాలన్నది నేను చెప్పదలచిన మాట.

అప్పట్లో మేము రికార్డింగ్ ప్రాక్సీ చిరునామాను ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, ఇక అన్ని పిలుపులూ దాని గుండానే పోతాయని నిశ్చింతగా ఉన్నాము. పైథాన్‌లోని రిక్వెస్ట్స్ లైబ్రరీ ఆ వేరియబుల్‌ను చూస్తుంది, గో భాష ప్రామాణిక లైబ్రరీ కూడా చూస్తుంది, కానీ జావా చూడదు. దానికి ప్రాక్సీ హోస్టునూ పోర్టునూ జేవీఎమ్ (జావా ప్రోగ్రాములను నడిపే వ్యవస్థ) సిస్టమ్ ప్రాపర్టీలుగా విడిగా ఇవ్వాలి, ఇచ్చిన తరువాత కూడా కొన్ని హెచ్‌టీటీపీ క్లయింట్ లైబ్రరీలు వాటిని చదవమని ప్రత్యేకంగా చెబితే తప్ప చదవవు. అందువల్ల ఎస్సెమ్మెస్‌లు పంపే మా పైథాన్ వర్కరు పిలుపులు చక్కగా రికార్డయ్యాయి, జావా సర్వీసు పిలుపులు మాత్రం నేరుగా గేట్‌వే సాండ్‌బాక్సుకు (పరీక్షల కోసం గేట్‌వే వాళ్ళు ఇచ్చే సర్వరుకు) పోయాయి. సాండ్‌బాక్సు నిజంగానే జవాబిస్తోంది కాబట్టి టెస్టులన్నీ పాసవుతూనే వచ్చాయి. మాక్‌తో (అసలు సేవకు బదులు జవాబిచ్చే నకలుతో) పరీక్షిస్తున్నామనుకుంటూ దాదాపు నాలుగు నెలలు అసలు సాండ్‌బాక్సుతోనే పరీక్షించాము. ఒక శుక్రవారం సాయంత్రం ఆ సాండ్‌బాక్సు మొరాయించి మా రిలీజు ఆగిపోతే గానీ సంగతి బయటపడలేదు.

ఆ తరువాత మేము స్థిరపడిన అమరిక ఇది. కంపోజ్ ఫైల్లో రెండు నెట్‌వర్కులు ఉంటాయి. మొదటిదానికి ఇంటర్నల్ అనే విలువను ట్రూ అని పెడతాము. ఆ నెట్‌వర్కులో ఉన్న కంటైనర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు గానీ బయటి లోకానికి దారి ఉండదు. రెండవది మామూలు నెట్‌వర్కు. అప్లికేషన్, డేటాబేసు, టెస్టులు నడిపే కంటైనరు ఎప్పుడూ మొదటి నెట్‌వర్కులోనే ఉంటాయి. వైర్‌మాక్ మాత్రం రికార్డు చేసే సమయంలో రెండింటిలోనూ ఉంటుంది, టెస్టులు నడిపే సమయంలో మొదటిదానిలో మాత్రమే ఉంటుంది. అంటే రెండు సందర్భాల మధ్య మారేది వైర్‌మాక్‌కు వీధి తలుపు ఉన్నదా లేదా అన్న ఒక్క విషయమే. అప్లికేషన్ వైపు ఒక్క అక్షరం కూడా మారదు. ఏ పిలుపైనా వైర్‌మాక్‌ను తప్పించుకుని పోబోతే, అది రికార్డు చేసే రోజునే కనెక్షన్ దొరకక పడిపోతుంది, ఏ చిరునామాకు పోబోయిందో మీ అప్లికేషన్ లాగ్‌లోనే కనబడుతుంది. మేము ఇలా మార్చిన మొదటి రోజున మాకు తెలియని పిలుపులు రెండు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఏదో లైబ్రరీ తన వాడుక లెక్కలను తన సొంతదారులకు పంపుకునే పిలుపు.

ఈ అమరికలో టెస్టులను హోస్టు (కంటైనర్లు నడిచే యంత్రం) మీది నుంచి నడపాలని చూస్తే కుదరదు, ఇంటర్నల్ నెట్‌వర్కులో మాత్రమే ఉన్న కంటైనరు పోర్టును పబ్లిష్ చేసినా అది హోస్టుకు అందదు. టెస్టులకు కూడా ఒక కంటైనరు ఇవ్వండి. అలాగే అప్లికేషన్ సెట్టింగుల్లో గేట్‌వే చిరునామాగా లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటే తీసేయండి. కంటైనరు లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. కంపోజ్‌లో వైర్‌మాక్ సర్వీసుకు మీరు పెట్టిన పేరునూ, 8080 పోర్టునూ ఇవ్వడమే సరైనది. కొందరు గేట్‌వే అసలు డొమైన్ పేరునే వైర్‌మాక్ కంటైనరుకు నెట్‌వర్క్ ఏలియాస్‌గా (మారుపేరుగా) తగిలిస్తారు. అందులో రెండు చిక్కులున్నాయి: హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ల పని మీ నెత్తిన పడుతుంది, పైగా రికార్డు చేసేటప్పుడు వైర్‌మాక్ ఆ డొమైన్ పేరును వెతికితే డాకర్ డీఎన్ఎస్ దానికి దాని చిరునామానే చూపిస్తుంది కాబట్టి తనను తానే పిలుచుకుంటూ కూర్చుంటుంది. బేస్ యూఆర్‌ఎల్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా అప్లికేషన్‌కు ఇవ్వగలిగితే ఈ తంటా ఏదీ ఉండదు.

ఇక ఇంటర్నెట్ ఆపిన తరువాత మాత్రమే కనబడే దోషాన్ని ఒకదాన్ని దగ్గరగా చూపిస్తాను. మేము వాడే సెటిల్‌మెంట్ల ఏపీఐ ఫలితాలను పేజీలుగా ఇస్తుంది. ప్రతి జవాబు చివర నెక్స్ట్ అనే ఫీల్డులో తరువాతి పేజీ పూర్తి చిరునామా ఉంటుంది. ఆ చిరునామాలో ఉండేది గేట్‌వే అసలు డొమైనే, ఎందుకంటే ఆ జవాబు రాసినది గేట్‌వే. మధ్యలో వైర్‌మాక్ ఉన్నదని దానికి తెలియదు. కాబట్టి మొదటి పేజీ రికార్డింగు నుంచి వస్తుంది, రెండవ పేజీ కోసం అప్లికేషన్ నేరుగా బయటికి పరుగెత్తుతుంది. దీనికి మేము చేసినదేమిటంటే, రెండవ పేజీని కర్ల్ అనే కమాండ్‌తో మేమే ఒకసారి వైర్‌మాక్ ద్వారా అడిగి రికార్డు చేయించుకున్నాము. తరువాత మొదటి పేజీ రికార్డింగులో డొమైన్ ఉన్న చోట, వచ్చిన రిక్వెస్టు బేస్ యూఆర్‌ఎల్‌ను తిరిగి రాసే టెంప్లేటును పెట్టి, వైర్‌మాక్‌లో రెస్పాన్స్ టెంప్లేటింగును ఆన్ చేశాము. మీ ఏపీఐ జవాబుల్లో పూర్తి చిరునామాలు ఎక్కడైనా ఉన్నాయేమో రికార్డింగుల ఫోల్డరులో గ్రెప్ కమాండ్‌తో ఒకసారి వెతికి చూసుకోండి.

మీ టెస్టులు ఒకరోజు పాసై మరొక రోజు ఫెయిలవడానికి బలమైన అనుమానం నాకు వేరే చోట ఉంది. పేమెంటు స్థితిని పదే పదే అడిగే పిలుపు మీ సర్వీసులో ఉండే ఉంటుంది: మొదటిసారి అడిగితే పెండింగ్, రెండవసారి పెండింగ్, మూడవసారి సక్సెస్. ఒకే రిక్వెస్టు పలుమార్లు వచ్చినప్పుడు వైర్‌మాక్ రికార్డరు, మీరు వద్దనకపోతే, వాటిని సీనారియోగా మలుస్తుంది, అంటే ఎన్నవసారి అడిగారన్న స్థితిని గుర్తు పెట్టుకుని క్రమంగా జవాబులిస్తుంది. ఆ స్థితి ఉండేది వైర్‌మాక్ సర్వరులో, మీ టెస్టులో కాదు. ఒక టెస్టు రెండుసార్లు అడిగి ఆగిపోతే, తరువాతి టెస్టుకు మొదటి జవాబే సక్సెస్ అని వస్తుంది. టెస్టుల వరుస లాప్‌టాప్‌లో ఒక రకంగా, సీఐలో మరొక రకంగా ఉంటే ఫలితం కూడా అలాగే మారుతుంది. సమాంతరంగా నడిపితే ఇక చెప్పనక్కరలేదు. ప్రతి టెస్టుకు ముందు వైర్‌మాక్ అడ్మిన్ ఏపీఐ ద్వారా సీనారియోలను రీసెట్ చేయండి. సమాంతరంగా నడపడం తప్పనిసరైతే ఒక్కొక్క వర్కరుకు ఒక్కొక్క వైర్‌మాక్ కంటైనరు ఇవ్వడం మేలు, అది అంత బరువైనదేమీ కాదు.

రెండవ అనుమానం రిక్వెస్టు సరిపోలకపోవడం. ఆర్డరు సృష్టించే రిక్వెస్టులో మీరు ప్రతిసారి కొత్త యూయూఐడీ (ప్రతిసారి వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) పంపుతుంటే, రికార్డరు ఆ నాటి యూయూఐడీని ఉన్నదున్నట్లు రాసి పెట్టుకుంటుంది, మరునాడు అది ఎలాగూ సరిపోలదు. సరిపోలనప్పుడు వైర్‌మాక్ 404 (దొరకలేదు అనే కోడు) ఇస్తుంది; అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే మీ అప్లికేషన్ ఆ 404ను గేట్‌వే నుంచి వచ్చినదనుకుని, ఆర్డరు దొరకలేదనే అర్థం తీసుకుని, మర్యాదగా ముందుకు పోవచ్చు. అటువంటప్పుడు మీ టెస్టు లాగ్‌కు బదులు వైర్‌మాక్ లాగ్ చూడండి. దగ్గరగా ఉన్న స్టబ్‌ను (ఏ రిక్వెస్టుకు ఏ జవాబు అని రాసి పెట్టుకున్న జతను) ఎడమ వైపున, వచ్చిన రిక్వెస్టును కుడి వైపున పక్కపక్కనే పెట్టి, తేడా ఉన్న వరుస దగ్గర బాడీ సరిపోలలేదని గుర్తు పెట్టి మరీ చూపిస్తుంది. మారే ఫీల్డుల స్థానంలో ఏ విలువైనా సరే అని చెప్పే జేసన్ యూనిట్ ప్లేస్‌హోల్డరు పెడితే సరిపోతుంది. దీనితో పాటు, టెస్టులు ముగిశాక సరిపోలని రిక్వెస్టుల జాబితాను అడ్మిన్ ఏపీఐ నుంచి తెప్పించి, అది ఖాళీగా లేకపోతే మొత్తం రన్‌ను ఫెయిల్ చేసే చిన్న అడుగును చేర్చుకోండి. మా బృందానికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినది ఈ చిన్న అడుగే.

మీ ఫెయిల్యూర్లు రాత్రి వేళ మాత్రమే వస్తున్నాయేమో కూడా గమనించండి. మాకు తెల్లవారుజామున 2 గంటలకు నడిచే రన్ రోజూ ఫెయిలయ్యేది, ఆఫీసుకు వచ్చి తిరిగి నడిపితే పాసయ్యేది. మా జావా సర్వీసుకూ, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజి (కంటైనరుకు మూస) మీద కట్టిన పైథాన్ టెస్టు కంటైనరుకూ ఆసియా/కోల్‌కతా అనే టైమ్ జోన్‌నే ఇచ్చాము. జావా తన టైమ్ జోన్ సమాచారాన్ని తన వెంటే తెచ్చుకుంటుంది కాబట్టి సరిగ్గా భారతీయ కాలమానంలో నడిచింది. ఆల్పైన్‌లో ఆ సమాచారం ఉండే టీజెడ్‌డేటా ప్యాకేజీని మనం పెడితే తప్ప ఉండదు. అది లేనందువల్ల టెస్టు కంటైనరు కిక్కురుమనకుండా యూటీసీలోనే ఉండిపోయింది. రెండింటికీ ఐదున్నర గంటల తేడా. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5.30 వరకు సర్వీసు ఇవాళ అన్న తేదీ టెస్టుకు రేపు అయ్యేది. వారం రోజులు రికార్డింగులను అనుమానించాము, పాపం వాటి తప్పేమీ లేదు.

రహస్యాల విషయం. వైర్‌మాక్ రికార్డరు మీరు అడిగితే తప్ప రిక్వెస్టు హెడర్లను స్టబ్‌లో రాయదు, కాబట్టి ఆథరైజేషన్ హెడరు రికార్డింగులో లేదని చాలామంది ధైర్యంగా ఉంటారు. కానీ ఓఆథ్ టోకెన్ (లోపలికి అనుమతించే రహస్య తాళం) ఇచ్చే పిలుపు జవాబులో టోకెన్ ఉన్నదున్నట్లు ఉంటుంది, అది నేరుగా గిట్‌లోకి (కోడ్ భద్రపరిచే చోటికి) పోతుంది. రికార్డు చేసిన వెంటనే టోకెన్లనూ ఫోన్ నంబర్లనూ తుడిచివేసే స్క్రిప్టు నడిపి, ఆ తరువాతే కమిట్ చేయాలన్నది మా నియమం. ప్రొడక్షన్ ట్రాఫిక్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రికార్డు చేయకండి, ఎంత తుడిచినా ఎక్కడో ఒక వినియోగదారుడి పాన్ నంబరు మిగిలిపోతుంది.

చిన్న చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. లినక్స్ రన్నరు (సీఐ టెస్టులు నడిచే యంత్రం) మీద కంటైనరు రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజరుగా) నడిస్తే రికార్డయిన ఫైళ్ళ యజమాని కూడా రూటే అవుతాడు, తరువాతి అడుగులో వాటిని మార్చబోతే అనుమతి లేదంటుంది. మ్యాక్‌లో డాకర్ డెస్క్‌టాప్ దీన్ని కప్పిపుచ్చుతుంది కాబట్టి లాప్‌టాప్‌లో తెలియదు. కంపోజ్‌లో యూజర్ దగ్గర మీ యూజర్ ఐడీ ఇవ్వండి. ఇమేజికి లేటెస్ట్ అనే ట్యాగుకు బదులు కచ్చితమైన వెర్షన్ రాయండి. కంపోజ్ అప్ ఆదేశానికి టెస్టు కంటైనరు ఎగ్జిట్ కోడునే (పాసా ఫెయిలా అని తెలిపే అంకెనే) తీసుకొమ్మని చెప్పే ఆప్షన్ తగిలించండి.

కీప్లాయ్ గురించి అడిగారు. అది ఈబీపీఎఫ్ అనే సదుపాయం సాయంతో లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) స్థాయిలో ట్రాఫిక్‌ను పట్టుకుంటుంది, కోడ్ మార్చే పని లేదు, డేటాబేసు పిలుపులను కూడా రికార్డు చేస్తుంది. బేస్ యూఆర్‌ఎల్ మార్చడానికి వీలులేని పాత సర్వీసులకు అది నిజంగా మంచి ఎంపిక. అయితే కెర్నెల్‌లోకి తొంగిచూడాలంటే కంటైనరుకు విశేష అధికారాలు ఇవ్వాలి. మా సీఐ రన్నర్లు పలు బృందాలకు ఉమ్మడివి కావడంతో మాకు ఆ అనుమతి దొరకలేదు. మీ రన్నర్లు మీ సొంతమైతే ప్రయత్నించి చూడవచ్చు, కానీ పైన చెప్పిన టైమ్ జోన్, టోకెన్ల చిక్కులు అక్కడా తప్పవు.

చివరగా, రికార్డింగులు పాతబడతాయి. మేము ప్రతి సోమవారం సాండ్‌బాక్సుతో మళ్ళీ రికార్డు చేయించి, తుడిచివేత స్క్రిప్టు నడిపి, వచ్చిన తేడాను మామూలు పుల్ రిక్వెస్టులా (చేర్చే ముందు పరిశీలనకు పెట్టే కోడ్ మార్పులా) ఒకరి చేత చదివిస్తాము. చాలా వారాలు అందులో తేదీలు తప్ప ఏమీ ఉండవు. ఒక వారం మాత్రం అమౌంట్ ఫీల్డు అంకె నుంచి కోట్స్‌లో ఉన్న స్ట్రింగుగా (అక్షరాల వరుసగా) మారి కనబడింది. అది సాండ్‌బాక్సులో మారినది బహుశా పొరపాటున కావచ్చు, రెండు రోజుల్లో వాళ్ళే సరిచేశారు. కానీ రెండు రకాలనూ చదవగలిగేలా మా కోడ్‌ను అప్పుడే మార్చి, ఆ స్ట్రింగు జవాబును చేత్తో రాసిన స్టబ్‌గా వేరే సబ్‌ఫోల్డరులో ఉంచుకున్నాము. టైమ్‌అవుట్‌లు, 429లు (మరీ ఎక్కువ రిక్వెస్టులు పంపారనే కోడు), మధ్యలో తెగిపోయిన కనెక్షన్లు కూడా అదే ఫోల్డరులో చేత్తో రాసుకున్నవే, ఎందుకంటే రికార్డు చేయడానికి కూర్చున్నప్పుడు అవి ఎన్నడూ రావు.