మంటలొస్తే ఊరి చెరువు అక్కరకొస్తుందా? ముందే ఎలా చూసుకోవాలి

ఫైర్ స్టేషన్ మీ ఊరికి 22 కిలోమీటర్ల దూరంలో ఉందని, ఊళ్లో మూడు చెరువులున్నాయని, మంటలొస్తే వాటిలో ఏది పనికొస్తుందో ముందే ఎలా తేల్చుకోవాలని అడిగారు. మంచి ప్రశ్న. అంత దూరం నుంచి వచ్చిన బండి నీళ్లయిపోతే మళ్లీ స్టేషన్‌కి వెళ్లి నింపుకుని రాలేదు. నేను పశ్చిమ గోదావరి డెల్టాలో అగ్నిమాపక శాఖలో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. బండి నడపడం, పంపు ఆడించడం రెండూ నా పనే.

చెరువును మే నెలలో చూడండి. మన వైపు ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే మళ్లీ జూన్‌కే వదులుతారు. పూరిళ్లు, గడ్డిమేట్లు ఎక్కువగా అంటుకునేది ఆ రోజుల్లోనే. నాకీ సంగతి ఒక ఏప్రిల్ నెలాఖరు మధ్యాహ్నం తెలిసొచ్చింది. తాటాకు ఇళ్ల పేట అంటుకుందని ఫోన్ వస్తే వెళ్లాం. మా బండిలో పట్టేది 4,500 లీటర్లు. రెండు గొట్టాలతో కొడితే ఐదారు నిమిషాలకే ట్యాంకు ఖాళీ అయింది. అయినా అప్పటికి నాకు టెన్షన్ లేదు. పేటను ఆనుకునే ఎకరంన్నర చెరువుంది, జనవరిలో అటు వెళ్లినప్పుడు గట్టు అంచుదాకా నీళ్లు చూశాను. తీరా బండి గట్టెక్కిస్తే నీళ్లు ఆరడుగులు దిగిపోయి ఉన్నాయి. గట్టుకూ నీళ్లకూ మధ్య ముప్పై అడుగుల బురద, ఆపైన గుర్రపుడెక్క. అవతల రేవు దగ్గర లోతుంది గానీ ఆ సందులో బండి పట్టదు. వెనక్కి తీయబోతే వెనక చక్రం మెత్తటి గట్టులో దిగబడింది. ఒక రైతు ట్రాక్టరు తెచ్చి లాగేసరికి తొమ్మిది ఇళ్లు బూడిదయ్యాయి. మనుషులకేమీ కాలేదు. కానీ మాడిన బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకుంటున్న ఒక పెద్దావిడ ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. ఆ చెరువులో అప్పటికీ లక్షల లీటర్లున్నాయి. ఒక్క లీటరూ మాకు అందలేదు.

అందుకే ముందు బండి నిలబడే చోటు వెతకండి. నీళ్లతో ఉన్న ఫైరింజన్ పది టన్నులు దాటుతుంది. ట్రాక్టరు వెళ్లిన చోటల్లా అది వెళ్లలేదు. నిండా ధాన్యం బస్తాలేసుకున్న లారీ ఆ గట్టు మీద ఆగగలదా అని మీ ఊరి లారీ డ్రైవర్‌ని అడగండి, ఇట్టే చెబుతాడు. దారిలో పాత తూములు, కిందికి వేలాడే కరెంటు తీగలు, గుడి ముఖద్వారం ఎత్తు, బండి తిరిగి బయటపడే దారి, ఇవన్నీ నడిచి చూడాలి.

తర్వాత ఎత్తు. పంపు నీళ్లను లాగుతుందని అంటాం గానీ, గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడే నీళ్లను పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి లెక్కకే 10.3 మీటర్లకు మించి నెట్టలేదు. పనిలోకి వచ్చేసరికి ఏడు మీటర్లు దాటితే ఆశ వదులుకోవాలి. మూడు మీటర్లలోపైతే మా పంపు తన పూర్తి సత్తాతో, అంటే నిమిషానికి 1,800 లీటర్ల దాకా తోడేది. ఎత్తు పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. తాడుకు రాయి కట్టి గట్టు నుంచి నీటి మట్టం దాకా కొలవండి. పంపు నడుమెత్తున ఉంటుంది కాబట్టి ఇంకో మూడడుగులు కలపండి. మా బండిలో చెరువు నీళ్లు లాగే రెండున్నర మీటర్ల సక్షన్ గొట్టాలు నాలుగుండేవి, అన్నీ బిగిస్తే పది మీటర్లు. అంతకంటే దూరాన ఉన్న నీళ్లు మా పంపుకు అందేవి కావు.

గొట్టం చివర జాలీ పడే చోట లోతు చూడటానికి వెదురు గడ మీద అడుగడుగుకీ గీతలు పెట్టండి. గడ మెత్తగా దిగబడేదంతా బురదే, దాన్ని లెక్కలోంచి తీసేయండి. జాలీకి పైన రెండడుగులు, కింద రెండడుగులు నీళ్లుంటే నిశ్చింత. పైన చాలకపోతే సుడి తిరిగి గాలి పీల్చుకుంటుంది, పంపు పట్టు వదిలేస్తుంది. కింద చాలకపోతే బురద, నత్తగుల్లలు లోపలికి వచ్చేస్తాయి. లోతు తక్కువైన చోట మేం జాలీని వెదురు తట్టలో పెట్టి, ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ కట్టి తేలేలా చేసేవాళ్లం. గుర్రపుడెక్క ఉంటే తట్ట లేకుండా దించనే కూడదు.

నీళ్ల లెక్క సులువు. సెంటు విస్తీర్ణంలో అడుగు లోతంటే దాదాపు 12,300 లీటర్లు. ఇరవై సెంట్ల కుంటలో వాడుకోదగ్గ నీళ్లు రెండడుగులున్నా వంద బండ్లకు పైమాటే. రోడ్డు పక్కనున్న అలాంటి కుంట, నా దృష్టిలో, ఊరవతలి పదెకరాల చెరువు కంటే మేలు.

చెరువును చేపల పాటకిచ్చి ఉంటే పాటదారుతో ఇప్పుడే మాట్లాడండి. చేపలు చస్తాయని ఆయన భయం. ఎకరంన్నర చెరువులో ఇరవై బండ్ల నీళ్లు తీసినా మట్టం దిగేది అర అంగుళం చిల్లరే. ఎండకైతే వారానికి రెండంగుళాలు పోతుంది. ఈ లెక్క చెప్పాక నాకు ఎవరూ కాదనలేదు. వలలు, తాళ్లు ఎక్కడున్నాయో కూడా ఆయన్నే అడగాలి.

మంచినీళ్ల చెరువు సంగతి వేరు. కాలువ కట్టేసే ముందు నింపుకున్న ఆ నీళ్లతోనే ఊరు గడవాలి. దాన్ని ఆఖరి దిక్కుగా ఉంచుకోండి, గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం రాసిపెట్టండి. రొయ్యల చెరువులకు గట్లు సన్నం, పైగా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు తీగలు గట్టు వెంటే ఉంటాయి. కరెంటు తీయించకుండా దగ్గరికి వెళ్లొద్దు. ఉప్పునీళ్లు తోడితే తర్వాత పంపును మంచినీళ్లతో కడగాలి.

బండి చేరలేని చెరువునూ వదిలేయకండి. ఆ రోజు మమ్మల్ని లాగిన రైతే తన ఆయిల్ ఇంజన్ తెచ్చి రేవు మెట్ల మీద పెట్టాడు. మూడంగుళాల పైపు సందులోంచి మా ట్యాంకులోకి వేశాడు. పది నిమిషాల్లోపే ట్యాంకు నిండింది. మిగతా పేట దక్కిందంటే ఆయన వల్లే. మీ ఊళ్లో ఎవరి దగ్గర ఇంజన్లున్నాయి, పైపు ఎన్ని అడుగులుంది, పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు బాగుందా, ఇవి కూడా రాసుకోండి. 101కి ఫోన్ చేసినప్పుడే బండి ఏ చెరువు వైపు నుంచి రావాలో చెప్పేయండి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలి చనిపోయిన మా సిబ్బంది జ్ఞాపకంగా చేస్తారు. ఈసారి పంచాయతీ తరఫున ఉత్తరం పెట్టి, ప్రదర్శన మీ చెరువు గట్టు మీదే చేయమని అడగండి. బండి ఎక్కుతుందో లేదో, పంపు నీళ్లు పట్టుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది. మే మూడో వారంలో మళ్లీ తాడు వేసి చూడండి. మూడు చెరువుల కొలతలూ ఇక్కడ రాస్తే, బండి ఏ గట్టున పెట్టాలో చూసి చెబుతాను.