స్టీరింగ్ ఊతకర్ర కాదు

చిన్నా,

మొదటిసారి రేస్ ట్రాక్ మీద కారు నడపబోతున్నావని విని సంతోషించాను. టైర్లు, బ్రేక్ ప్యాడ్ల గురించి చాలా అడిగావు కానీ సీటు ఊసే ఎత్తలేదు. నేను ముందు చెప్పాల్సింది దాని గురించే.

మలుపులో ఒళ్ళు పక్కకి జారుతుంటే ఎవరైనా తెలియకుండానే స్టీరింగ్ పట్టుకుని వేలాడతారు. ముందు టైర్ల పట్టు సడలేటప్పుడు స్టీరింగ్ కాస్త తేలికవుతుంది. బిగుసుకుపోయిన చేతులకి అది తెలీదు. ఒంటిని ఆపే పని సీటుది, బెల్టుది, ఫుట్‌రెస్ట్ మీద తన్నిపెట్టిన ఎడమ కాలిది.

నడుము పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చో. క్లచ్ అడుగంటా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు లేవకుండా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచుకి తగలాలి. ఇదంతా హెల్మెట్ పెట్టుకునే సరిచూసుకో.

మామూలు బెల్టుతోనే వెళ్తున్నావు కాబట్టి ఒక ఉపాయం చెప్తాను. సీటు కొద్దిగా వెనక్కి జరిపి బెల్టు పెట్టుకో. నడుం పట్టీని పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదికి దించు. భుజం దగ్గర పట్టీని గట్టిగా ఒక్క గుంజు గుంజితే లాక్ పడుతుంది. ఆ బిగువు వదలకుండా సీటు ముందుకు జరుపుకో, ఒంటికి అతుక్కుపోతుంది. కొన్ని కార్లలో ఈ లాక్ నిలవదు, ఇంటి దగ్గరే చూసుకో. సీటు గాడిలో పడి లాక్ అయిందో లేదో కదిపి చూడకుండా బయల్దేరకు.

మోజు పడి ఫోర్ పాయింట్ హార్నెస్, అంటే భుజాలకి రెండు, నడుముకి రెండు పట్టీలుండే రేసు బెల్టు, మాత్రం కొనకు. చాలావాటికి కాళ్ళ మధ్య పట్టీ ఉండదు. భుజాలవి బిగించేకొద్దీ నడుం పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది, గుద్దుకున్నప్పుడు మనిషి దాని కిందుగా జారిపోతాడు. కాళ్ళ మధ్య పట్టీలు కూడా ఉండే సిక్స్ పాయింట్ అయినా సరే, దానికి తగ్గ బకెట్ సీటు (ఒంటిని రెండు పక్కలా పట్టి ఉంచే రేసు సీటు), రోల్ కేజ్ (రూఫ్ నలగకుండా కారు లోపల బిగించే గొట్టాల చట్రం) లేకుండా వద్దు. కారు బోల్తాపడి రూఫ్ నలిగితే, పక్కకి ఒరగనివ్వకుండా ఆ హార్నెస్సే నిన్ను నిటారుగా కట్టిపడేస్తుంది. భుజం పట్టీలు వెనక్కి దాదాపు సమాంతరంగా వెళ్ళాలి. వాటిని వెనక ఫ్లోర్‌కి బిగిస్తే గుద్దుకున్నప్పుడు వెన్నుపూస మీద భారం పడుతుంది.

ఒంటిని అంత గట్టిగా కట్టేస్తే తల ఒక్కటే ముందుకి విసురుకుపోతుంది. 2001లో అమెరికాలో డేటోనా 500 రేసు చివరి ల్యాప్‌లో గోడను గుద్దుకుని పేరున్న రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగుభాగం విరిగి చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఆ రేసులు నడిపే సంస్థ నాస్కార్ తల, మెడకి రక్షణ సాధనాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి హార్నెస్‌కి మారిన రోజే అలాంటి సాధనమైన హాన్స్ కూడా కొనాలి, డబ్బు చాలకపోతే రెండూ ఆపు.

హార్నెస్ పెట్టుకున్నప్పుడు కూడా ముందు నడుం పట్టీ, తర్వాతే భుజాలవి బిగించాలి. ఒక రౌండ్ తిరిగేసరికి అవి వదులవుతాయి, ప్రతిసారీ మళ్ళీ బిగించుకో. సెకండ్‌హ్యాండ్ హార్నెస్‌లు చవగ్గా దొరుకుతాయి కానీ లేబుల్ మీద తేదీ చూడు. గడువు దాటినవాటిని, ఒకసారి ప్రమాదం చూసినవాటిని ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకు.

నీ బాబాయ్