పొగాకు, మత్తు హాని గురించి చెబితే చాలదా? పిల్లలకు లైఫ్ స్కిల్స్ ఎందుకు?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు పాడైపోయిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపిస్తే సరిపోదా అని చాలామంది టీచర్లు అడుగుతారు. సరిపోదు. ఆ వయసులో చాలామంది మొదటి సిగరెట్టో గుట్కానో ముట్టేది హాని తెలియక కాదు, పక్కనున్న స్నేహితుడికి వద్దని చెప్పలేక.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్బర్ట్ బాట్విన్ రూపొందించిన 'లైఫ్ స్కిల్స్ ట్రైనింగ్' (జీవన నైపుణ్యాలు నేర్పే స్కూలు కార్యక్రమం) ఈ మొహమాటం మీద కూడా పనిచేస్తుంది. మిడిల్ స్కూల్లో మూడేళ్లకు 30 క్లాసులు: మొదటి ఏడు 15, తర్వాత 10, ఆపైన 5. ఏటా మళ్లీ గుర్తుచేయడం ఇందులో ముఖ్యం. ఒక్కరోజు ఉపన్యాసం, ర్యాలీతో ముగించేస్తే ఆ శ్రమంతా వృథా అని నా గట్టి నమ్మకం.

క్లాసులో ఏం చేయాలి? ఇద్దరిని నిలబెట్టి సన్నివేశం నడిపించండి. ఒకడు "ఒక్కసారేరా, ఏం కాదు, భయమా?" అంటాడు. రెండోవాడు "నాకొద్దురా, పద ఆడుకుందాం" అనాలి. మొదట్లో సిగ్గుపడి నవ్వేస్తారు, గొంతు పెగలదు. నోటికి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయించండి. "అందరూ తాగుతున్నారు" అన్న అపోహను కూడా పోగొట్టాలి. నిజానికి తాగేవాళ్లు పిల్లలు ఊహించినదానికన్నా తక్కువే ఉంటారు. కోపం, పరీక్షల టెన్షన్ తట్టుకోవడం, ప్రకటనల ఎత్తుగడ పసిగట్టడం కూడా నేర్పాలి.

ఎవరైనా ఇప్పటికే అలవాటుపడితే అందరి ముందూ నిలదీయకండి. విడిగా మాట్లాడండి, ఇంట్లోవాళ్లకు మత్తు అలవాటు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఇవ్వండి.